సిరామిక్ కోటింగ్ ఉన్న కారుకి క్లే బార్ రుద్దొచ్చా? బానెట్ గరగరమంటోంది

తిరుచానూరు_తెల్లకారు · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది, అందుకే వచ్చా.

నాది తెల్ల బాలెనో. కొన్న నెలకే సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే గట్టి పలచటి పూత) వేయించా. 14 నెలలైంది. 18,000 తీసుకున్నారు, మూడేళ్ల వారంటీ అన్నారు. మొదట్లో భలే ఉండింది. చెంబుడు నీళ్లు పోస్తే తామరాకు మీద పోసినట్టు జారిపోయేవి. ఇప్పుడు బానెట్ మీద పోస్తే చాప పరిచినట్టు పరుచుకుని అట్లే ఉండిపోతున్నాయి. కడిగి, తుడిచి, ఆరబెట్టాక చెయ్యి పెట్టినా గరగరమంటోంది, బొంబాయి రవ్వ చల్లి అతికించినట్టు. దానికి తోడు డోర్ల మీద, డిక్కీ మీద సూదిమొనంత నారింజ రంగు చుక్కలు. రేకు తుప్పు పడుతోందేమో అని రాత్రంతా టెన్షన్.

నా డ్యూటీ రేణిగుంటలో. కారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా రైలు పట్టాల పక్కనే ఉంటుంది. ఇంటి దగ్గర కడిగేది బోరు నీళ్లతో.

కోటింగ్ వేసిన షాపులో అడిగితే "క్లే బార్ అనే ముద్దతో రుద్ది మురికి లాగి, పైన టాపప్ పూత వేస్తాం, 3,500" అన్నారు. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిదేమో "క్లే ముట్టుకున్నావంటే కోటింగ్ పోయినట్టే బావా" అంటున్నాడు. నేను ఆ లోపలే ఆన్‌లైన్‌లో 450 పెట్టి క్లే బార్ తెప్పించేశా. డబ్బా ఎదురుగా పెట్టుకుని కూర్చున్నా. రుద్దమంటారా, వద్దంటారా?

పాత_అంబాసిడర్ · ఆదివారం ఉదయం 5:52

నాయనా, నేను అంబాసిడర్‌ని 22 ఏళ్లు వాడాను. పాత పంచె ముక్క, రెండు బకెట్ల నీళ్లు, సంక్రాంతికి ఒకసారి డబ్బాలో వచ్చే వ్యాక్స్. అంతే. ఇప్పుడు రంగు మీద ఒక పూత, ఆ పూత మీద ఇంకో పూత, మధ్యలో రుద్దడానికి బంకమట్టి! మట్టి వదిలించడానికి మట్టిని డబ్బిచ్చి కొనడం ఈ కాలంలోనే చూస్తున్నా.

చిత్తూరు_మామిడితోట · ఆదివారం ఉదయం 7:15

మాస్టారూ, పేరుకే క్లే, చెరువులో తెచ్చే మట్టి కాదు సార్. పిల్లలు బొమ్మలు చేసుకునే ముద్దలా ఉంటుంది.

తెల్లకారు తమ్ముడూ, నా బండికి కోటింగ్ గీటింగ్ ఏమీ లేదు. ఏడాదికొకసారి క్లే రుద్ది వ్యాక్స్ పూస్తా. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు. ధైర్యంగా రుద్దెయ్.

కొర్లగుంట_కుర్రోడు · ఆదివారం ఉదయం 9:03

అన్నా, అంత తేలిగ్గా "రుద్దెయ్" అనకండి. నా కథ వినండి.

నాది నల్ల కారు. కిందటేడు మే నెల, మధ్యాహ్నం 12 గంటలు. వీడియో చూసి మిద్దె కింద క్లే మొదలుపెట్టా. బానెట్ సగం అయింది. ముద్ద ఎండకి మెత్తబడి చేతికి అంటుకుంటోంది, విదిలిస్తే జారి సిమెంట్ గచ్చు మీద పడింది. తీసి, ప్యాంటుకి రెండుసార్లు తుడిచి, మళ్లీ రుద్దా. పైకి శుభ్రంగానే కనబడింది మరి! సాయంత్రం వీధి లైటు కింద చూస్తే బానెట్ అంతా పిల్లి గోళ్లతో గీరినట్టు గీతలు. ఇంట్లో ఎవరితోనూ చెప్పలేదు. మరుసటి రోజు షాపుకి తీసుకెళ్తే "గీతలు పోవాలంటే మిషన్ పాలిష్ కొట్టాలి, పాలిష్ కొడితే ఉన్న కోటింగ్ పోతుంది" అన్నారు. బానెట్, రెండు ఫెండర్లు, మళ్లీ కోటింగ్, మొత్తం 9,000 వదిలింది.

ఇంకో మాట. అదే షాపులో బల్ల మీద ఒక క్లే ముద్ద చూశా, బొగ్గులా నల్లగా ఉంది. నా ముందు కారుకీ దాంతోనే, నా కారుకీ దాంతోనే. కొత్తది తీయమంటే మొహం మాడ్చుకున్నారు.

మోడరేటర్ · ఆదివారం ఉదయం 9:30

షాపు పేర్లు ఎవరూ అడగొద్దు, ఎవరూ రాయొద్దు. చర్చ క్లే మీదే.

గ్లాస్_ఫినిష్ · ఆదివారం ఉదయం 11:20

ఈ పని 11 ఏళ్లుగా చేస్తున్నా. షాపు పేరు చెప్పను, ప్రచారం అనుకుంటారు. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక చేసుకోండి.

తమ్ముడూ, ముందు ఆ డబ్బా తీసి ఫ్రిజ్ పక్కన పెట్టు. రుద్దొచ్చా రుద్దకూడదా అనేది తర్వాత. నీ బానెట్ మీద ఉన్నది ఏంటో ముందు తేలాలి.

పట్టాల పక్కన అన్నావు కదా, నారింజ చుక్కల సంగతి అక్కడే తెలిసిపోయింది. రైలు బ్రేకు పట్టినప్పుడు, చక్రం పట్టాని ఒరుసుకున్నప్పుడు సన్నటి ఇనుప రజను లేస్తుంది. అది కారు మీద వాలుతుంది, మంచు తడి తగిలితే తుప్పు పడుతుంది. నువ్వు చూసింది ఆ రజను తుప్పు, కారు రేకుది కాదు. నల్ల కారుకీ ఇంతే పడుతుంది, కనబడదు. తెల్ల కారు కాబట్టి కనబడి నీ నిద్ర చెడగొట్టింది.

ఇక క్లే. అది జపాన్‌లో పుట్టిన సరుకు. సాగే ముద్దలో చాలా సన్నటి రాపిడి పొడి కలిపి చేస్తారు. షాంపూకి రాని మురికి పెయింట్ మీద ముల్లులా నిలబడి ఉంటుంది. తడి మీద క్లే జారుతూ పోయేటప్పుడు ఆ ముల్లు తలని పట్టి లాక్కుపోతుంది. పైకి తేలినదాన్ని మాత్రమే. లోపలికి దిగిన వేరు దానికి అందదు. అందుకే ఇనుప రజను ఉన్న కారుకి నేరుగా క్లే రుద్దితే చేతికి నున్నగా తగులుతుంది, రెండు నెలలకి అదే చోట మళ్లీ చుక్క.

ఇప్పుడు అసలు ప్రశ్న, కోటింగ్ పోతుందా? లెక్క చూడు. సిరామిక్ పొర మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు. దాని కింద కంపెనీ వేసిన క్లియర్ కోట్, అంటే రంగు మీది పారదర్శక పొర, 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక 70 అనుకో. వెంట్రుకలో ముప్పై అయిదో వంతుకి మించని పొర మీద నువ్వు రాపిడి సరుకు తిప్పబోతున్నావు. షాపులో "9హెచ్" అని చెప్పి ఉంటారు. అది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో వచ్చే అంకె, ఆ పరీక్షకి వాడే పెన్సిళ్లలో గట్టిది 9హెచ్. వజ్రంతో పోలికేమీ లేదు. చాలామంది దాన్ని విని కారుకి కవచం తొడిగించామనుకుంటారు.

ఒక్కసారి క్లే రుద్దినంత మాత్రాన మంచి కోటింగ్ మొత్తం ఊడిపోదు. కానీ నువ్వు డబ్బు పెట్టింది దేనికి? నున్నదనానికి, నీళ్లు జారడానికి. ఆ గుణం ఉండేది పైపైనే, క్లే గీకేది కూడా పైపైనే. సన్న గీతలు పడతాయి, జారుడు తగ్గుతుంది. కోటింగ్ కాకుండా వ్యాక్స్ ఉండుంటే ఒక్క విడతలోనే చాలావరకు పోయేది. మామిడితోట అన్నకి ఏమీ కాలేదంటే కారణం అదే, ఆయన ఎట్లాగూ తర్వాత వ్యాక్స్ పూస్తున్నాడు. నీ బావమరిది చెప్పింది సగం నిజం.

నాకైతే నీ కోటింగ్ చచ్చిపోయిందని అనిపించట్లేదు. దాని మీద ఇనుము, బోరు నీళ్ల సున్నం, తారు పేరుకుని ఊపిరాడట్లేదు. పైన మురికి పొర ఉంటే నీళ్లు ఆ మురికినే తాకుతాయి, కోటింగ్‌ని కాదు. అందుకే జారట్లేదు.

చేయాల్సింది ఇది. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, ముందు మామూలుగా షాంపూ పెట్టి కడుగు. తర్వాత ఐరన్ రిమూవర్ (ఇనుప రజను కరిగించే స్ప్రే) కొట్టు. పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లం, క్షారం ఏదీ కానిది) అని రాసి ఉన్నది చూసి కొను, కోటింగ్‌కి ఏమీ కాదు. మూడు నాలుగు నిమిషాల్లో ఊదా రంగులోకి తిరుగుతుంది. ఆరనివ్వకుండా కడిగెయ్. వాసన మాత్రం కుళ్లిన గుడ్డు. అందులో ఉండే థయోగ్లైకొలేట్ జాతి మందునే బ్యూటీ పార్లర్లలో జుట్టు ఉంగరాలు తిప్పడానికి వాడతారు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. తర్వాత కింద డోర్ల అంచుల్లో తారు చుక్కలుంటే టార్ రిమూవర్, గుడ్డకి పెట్టి ఒక్కొక్క చుక్క. ఆ తర్వాత సున్నానికి వాటర్ స్పాట్ రిమూవర్. దొరక్కపోతే తెల్ల వెనిగర్‌లో అంతే క్యాన్ నీళ్లు కలిపి, తడి గుడ్డతో అద్ది ఒక నిమిషం ఉంచి కడిగెయ్. ఎండలో మాత్రం వద్దు.

ఇవన్నీ అయ్యాక చేతికి పాల కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా జరుపు. ఉత్త వేళ్లకి తెలియని గరుకు కూడా కవర్ లోంచి తెలుస్తుంది. ఎక్కడ గరగరమంటే అక్కడే, ఆ జానెడు చోటే, క్లే.

3,500 దోపిడీ ఏమీ కాదు. కానీ క్లేకి ముందు ఏం చేస్తారు అని వాళ్లని అడుగు. "ఏమీ లేదు, నేరుగా క్లేనే" అంటే బండి తిప్పుకుని వచ్చెయ్. వారంటీ కార్డు వెనక సన్న అక్షరాలు కూడా చదువు. సొంతంగా క్లే, పాలిష్ చేస్తే వారంటీ చెల్లదని చాలా కార్డుల్లో ఉంటుంది.

తిరుచానూరు_తెల్లకారు · ఆదివారం మధ్యాహ్నం 1:05

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కార్డు తీసి చూశా. మీరన్నట్టే ఉంది, "రాపిడి పదార్థాలు వాడరాదు" అని. ఏటా చెకప్‌కి రావాలని కూడా ఉంది, ఆ సంగతి నాకు చెప్పనే లేదు.

ఘాట్‌రోడ్_ట్యాక్సీ · ఆదివారం మధ్యాహ్నం 2:48

రైలు పట్టాలే కాదు సామీ, మా తిరుమల కొండ కూడా తక్కువది కాదు. నేను రోజూ రెండు ట్రిప్పులు. దిగేది 1944లో వేసిన పాత ఘాట్. 40 నిమిషాల కంటే ముందు కిందికి వస్తే ఫైన్ రాస్తారు కాబట్టి అందరూ మెల్లగానే దిగుతారు. సెకండ్ గేర్‌లో దిగితే సగం బ్రేకు ఇంజనే చూసుకుంటుంది. బయటి ఊళ్ల వాళ్లకి అది తెలియదు, అలిపిరి దాకా కాలు బ్రేకు మీదే. వెనకాల వస్తుంటే కాలిన వాసన మనకి కొడుతుంది. ఆ బ్రేకు పొడి ఎవరి బండి మీద పడుతుంది? వెనకున్న మన బండి మీదే. నా ముందు బంపర్, వీల్స్ ఎప్పుడూ గోధుమ రంగే.

నీళ్ల మరకలకి మా ఓనరు అద్దాల మీద చింతపండు రుద్దిస్తాడు. ఇత్తడి చెంబుల్లా తళతళలాడతాయి. పెయింట్ మీద పనికొస్తుందా గ్లాస్ అన్నా?

గ్లాస్_ఫినిష్ · ఆదివారం సాయంత్రం 6:10

హహ. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది, వెనిగర్ చేసేదీ అదే. కానీ చింతపండులో ఈనెలు, పెంకులు, మట్టి ఉంటాయి. అద్దం తట్టుకుంటుంది, పెయింట్ తట్టుకోదు. చింతపండు రసానికే ఉంచండి.

ఘాట్ గురించి చెప్పింది వంద శాతం నిజం. బ్రేకు డిస్క్ పోత ఇనుము, అరిగిన పొడి వేడి వేడిగా వచ్చి అతుక్కుంటుంది. కొండకి ఎక్కువ తిరిగే బండ్లకి నేను ఐరన్ రిమూవర్ కొడితే వీల్స్ కింద నేరేడు రసం కాలవ కడుతుంది.

పీలేరు_పిల్ల · ఆదివారం రాత్రి 8:22

మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. నా కారుకి ముందు బానెట్, బంపర్ వరకు పీపీఎఫ్ (పెయింట్‌ని కాపాడే పారదర్శక ఫిల్మ్), మిగతాది సిరామిక్. ఫిల్మ్ మీద క్లే రుద్దొచ్చా? గీతలు ఎండకి వాటంతట అవే మానిపోతాయి అన్నారు కదా, అట్లయితే భయం లేనట్టేనా?

గ్లాస్_ఫినిష్ · ఆదివారం రాత్రి 9:15

మేడమ్, మానేవి సన్న గీతలే. ఫిల్మ్ పై పూతలో పడ్డ గీత వేడికి సర్దుకుంటుంది, లోతుగా తెగింది సర్దుకోదు. ఫిల్మ్ మీద కూడా వరస అదే, ముందు ఐరన్ రిమూవర్. మరీ తప్పకపోతే అన్నింట్లోకీ మెత్తటి క్లే, ధారాళంగా తడి, వేలి బరువు కూడా వేయకుండా. అంచుల దగ్గరికి మాత్రం పోవద్దు. క్లే అంచుని పట్టుకుందంటే ఫిల్మ్ లేస్తుంది, లేచిన అంచులో దుమ్ము చేరితే నల్ల గీత, ఇక అది పోదు. మీది మ్యాట్ ఫిల్మ్ అయితే క్లే మాటే వద్దు, రుద్దిన చోట మెరుపు మచ్చ పడిపోతుంది.

చిత్తూరు_మామిడితోట · ఆదివారం రాత్రి 10:01

నా సంగతి కూడా తేల్చండి. బండి తోటలోనే నిలబెడతా. పూత టైములో తేనెమంచు పురుగు పడితే ఆకుల మీంచి జిగురు చినుకుల్లా రాలుతుంది, దాని మీద నల్ల బూజు. బండి టాప్ అంతా పాకం పోసినట్టు. కాయ కోతప్పుడు జీడి చుక్కలు వేరే. క్లే పెడితే ముద్దకే అంటుకుని రోడ్డు రోలర్‌లా తిరుగుతోంది తప్ప రావట్లేదు.

గ్లాస్_ఫినిష్ · ఆదివారం రాత్రి 10:20

జిగురుకి క్లే మందు కాదన్నా. తేనెమంచు అంటే చక్కెర పాకమే, గోరువెచ్చని షాంపూ నీళ్లలో ముంచిన గుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచితే కరిగి వచ్చేస్తుంది. జీడి వేరే రకం, అది ఘాటు. పడ్డ రోజే కడగాలి. వారం ఉంచితే పెయింట్‌ని తింటుంది, ఆ గుంట క్లేకీ పోదు, షాంపూకీ పోదు.

పాత_అంబాసిడర్ · సోమవారం ఉదయం 6:05

ఆ పాల కవర్ పరీక్ష మా మనవడి కారు మీద చేసి చూశాను. నిన్ననే వాటర్ సర్వీస్ చేయించాడు, అద్దంలా ఉంది కారు. కవర్ తొడిగి జరిపితే గోడకి వేసే ఉప్పుకాగితం మీద జరిపినట్టే ఉంది! నా అంబాసిడర్ ఎట్లా ఉండేదో ఇప్పుడు తెలుసుకునే వీలు లేదు, అదృష్టం.

తిరుచానూరు_తెల్లకారు · తర్వాతి ఆదివారం రాత్రి 8:30

అప్‌డేట్ ఇస్తున్నా. పొద్దున 6కే మొదలుపెట్టా, ఎండ రాకముందు.

షాంపూ అయ్యాక ఐరన్ రిమూవర్ ముందు డ్రైవర్ వైపు డోర్ మీద కొట్టా. ఒక నిమిషం ఏమీ లేదు. మోసపోయానేమో అనుకుంటున్నా. అంతలో ఒక చుక్క చుట్టూ సన్నటి ఊదా రంగు వలయం, తర్వాత పక్కన ఇంకోటి, చూస్తుండగానే డోరంతా చుక్కలు చుక్కలుగా రంగు విచ్చుకుని, ఒక్కొక్క గీతగా కిందికి కారడం మొదలైంది. హ్యాండిల్ కింద నుంచి ధార కట్టింది. డిక్కీ అయితే చెప్పక్కర్లేదు, నేను పార్క్ చేసేటప్పుడు పట్టాల వైపు ఉండేది అదే. మా ఆవిడ కాఫీ ఇవ్వడానికి వచ్చి "కారుకి నేరేడు పళ్లు తినిపించారా" అంది. వాసనకి పై ఇంటి ఆంటీ కిటికీ మూసి, మళ్లీ తెరిచి, "గ్యాస్ లీకవుతోందా బాబూ" అని అడిగింది. కాదని ఒప్పించేసరికి ఒక పక్క ఆరబోతోంది, పరుగెత్తి కడిగా.

చుక్కలు నూటికి తొంభై పోయాయి. టార్ రిమూవర్‌తో కింద అంచులు. వెనిగర్ నీళ్లతో టాప్, బానెట్. ఆఖరి కడుగు 20 లీటర్ల క్యాన్ నీళ్లతో. మీరు చెప్పలేదు గానీ మళ్లీ బోరు నీళ్లే పోయడానికి మనసొప్పలేదు. 20 రూపాయలే కదా.

ఇప్పుడు వినండి. డోర్ల మీద, టాప్ మీద నీళ్లు పోస్తే ముత్యాల్లా దొర్లిపోయాయి! 14 నెలల కింద ఎట్లా ఉందో అట్లే కాకపోయినా, మొన్నటికి ఇప్పటికి పోలికే లేదు. కవర్ తొడిగి చూస్తే డోర్లు నున్నగా ఉన్నాయి. డిక్కీ కూడా.

బానెట్ మాత్రం ముందు సగం ఇంకా గరుకే. నీళ్లు కూడా అక్కడ నిలబడుతున్నాయి. ఏం చేయను?

కొర్లగుంట_కుర్రోడు · ఆదివారం రాత్రి 8:51

"గ్యాస్ లీకవుతోందా బాబూ" 😂 మా వీధిలో అయితే ఫైర్ ఇంజన్ వచ్చేసేది.

గ్లాస్_ఫినిష్ · ఆదివారం రాత్రి 9:40

క్యాన్ నీళ్ల ఐడియా బాగుంది, మా షాపులో కూడా ఆఖరి కడుగుకి ఆర్‌ఓ నీళ్లే.

డోర్ల మీద జారుతున్నాయంటే కోటింగ్ బతికే ఉంది. బానెట్ ముందు భాగం గాలికి, పురుగులకి, రాళ్లకి ఎదురెళ్లే చోటు, అక్కడ పొర ముందు అరుగుతుంది. ఇప్పుడు డబ్బా తీయొచ్చు.

నీ డబ్బా మీద ఏ రకం అని రాసుందో చూడు. ఫైన్ (మెత్తటిది) అయితే సరే, మీడియం (గరుకు ఎక్కువది) అయితే వాడొద్దు. బార్ మొత్తం వాడకు, మూడు ముక్కలు చేసి ఒక్కటే తీసుకో. ఒకటి కింద పడితే బాధ లేకుండా పారేయొచ్చు. కుర్రోడి 9,000 గుర్తుపెట్టుకో. అరచేతిలో పిసికి బిళ్లలా చెయ్. తడికి వ్యాక్స్ కలవని షాంపూ నీళ్లు చాలు, స్ప్రే బాటిల్‌లో కాస్త చిక్కగా. గిన్నెల లిక్విడ్ వద్దు. ముందు ఒక జానెడు చోట మాత్రమే చెయ్. ముందుకీ వెనక్కీ తిన్నగా జరుపు, గుండ్రంగా తిప్పకు. గీత పడితే తిన్నటి గీత కళ్లకి తక్కువ ఆనుతుంది. నొక్కకు, వేళ్ల బరువే ఎక్కువ. మొదట గరగర శబ్దం వస్తుంది, శబ్దం ఆగిందంటే పని అయింది, ఇంకోసారి వద్దు. బిళ్ల మడిచి శుభ్రమైన వైపు బయటికి తెచ్చుకో. అది బూడిద రంగుకి వచ్చి, మడిచినా తెలుపు కనబడకపోతే చెత్తబుట్టలోకి.

ఎండాకాలం కాబట్టి ముద్ద మరీ మెత్తబడితే చల్లనీళ్లలో ఒక నిమిషం వెయ్యి. రోహిణి కార్తెలో మేము ఐస్ బకెట్ పక్కన పెట్టుకుని చేస్తాం. కారు డ్యాష్‌బోర్డ్‌లో క్లే పెట్టి మరచిపోయిన కుర్రాడు ఉన్నాడు మా దగ్గర, పాకం గరిటెతో గీశాం.

వారంటీ పోతుందన్న భయం ఉంటే ఈ పని షాపు వాళ్లకే వదిలెయ్. "బానెట్ ముందు సగం వరకే, ఫైన్ క్లే, కొత్త ముక్క, నా ఎదురుగా" అని చెప్పి చేయించు. అప్పుడు 3,500 ఎందుకు, తగ్గించమను.

పాత_అంబాసిడర్ · సోమవారం ఉదయం 5:58

చివరి వాక్యం నాకు నచ్చింది.

తిరుచానూరు_తెల్లకారు · బుధవారం రాత్రి 9:12

మాస్టారూ, చివరి వాక్యమే పనిచేసింది. షాపుకే వెళ్లా. ముందే ఐరన్ వాష్ చేసుకొచ్చానని ఫోటోలు చూపిస్తే ఆ అబ్బాయి మొహంలో రంగు మారింది, మాట మారింది. 1,200కి ఒప్పుకున్నాడు, బానెట్‌కి టాపప్‌తో సహా. కొత్త ప్యాకెట్ నా ముందే చింపాడు. నిజం చెప్పాలంటే పని బాగా చేశాడు. నేనూ పక్కన నిలబడి చెవి పెట్టి విన్నా. మొదటి రెండు జరుపుళ్లకి ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు శబ్దం, నాలుగో దానికి ఏమీ లేదు, తడి గాజు మీద వేలు జారినట్టే. బిళ్ల తిప్పి చూపించాడు, తెల్లటి ముద్ద మీద గోధుమ రంగు చారలు.

టాపప్ వేయక ముందు నీళ్లు పోయించా. క్లే రుద్దిన చోట నున్నగా ఉంది గానీ నీళ్లు దొర్లలేదు, పలచగా పరుచుకున్నాయి. వెనక సగం మీద ముత్యాలు, ముందు సగం మీద చాప. మధ్యలో గీత గీసినట్టు తెలిసిపోతోంది. గ్లాస్ అన్న చెప్పింది కళ్లారా చూశా. టాపప్ వేశాక కలిసిపోయింది, ఒక రోజు తడి తగలనివ్వొద్దన్నాడు.

నా 450 క్లే డబ్బా అట్లే ఉంది, విప్పలేదు. ఎవరికైనా కావాలంటే తిరుచానూరు వచ్చి తీసుకోండి. మీడియం అని రాసుంది.

పార్కింగ్ మాత్రం మార్చా. పట్టాలకి దూరంగా వేపచెట్టు కింద. ఇప్పుడు కాకులు.

పీలేరు_పిల్ల · గురువారం ఉదయం 10:35

అభినందనలు! ఇదే చర్చలో ఇంకొక్కటి అడిగేస్తా. శుక్రవారం కాణిపాకంలో వాహన పూజ చేయించాం. బానెట్ మీద పసుపు కుంకుమతో స్వస్తిక్ వేశారు. మూడు రోజులు తుడవొద్దని అత్తమ్మ. ఇప్పుడు కడిగితే తెల్ల బానెట్ ఫిల్మ్ మీద పసుపు నీడ, మధ్యలో గులాబీ మరక ఉండిపోయాయి. క్లే పెట్టి లాగేయనా?

గ్లాస్_ఫినిష్ · గురువారం మధ్యాహ్నం 1:30

వద్దు మేడమ్. మరకకి ఎత్తు ఉండదు, క్లేకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఉత్తపుణ్యానికి ఫిల్మ్ గీరుకుపోతుంది. పసుపు రంగు ఎండకి నిలవదు, నాలుగు రోజులు కారు ఎండలో పెట్టండి, దానంతట అదే వెలిసిపోతుంది. కుంకుమలో రంగు కలిపి ఉంటే అది మొండిది. ఫిల్మ్ వేసిన వాళ్లని అడిగి వాళ్లు చెప్పిన క్లీనర్‌తో అద్దండి, రుద్దొద్దు. ఈసారి పూజారి గారిని ముందు అద్దం మీద వేయమనండి, వేస్తారు.

పీలేరు_పిల్ల · గురువారం మధ్యాహ్నం 1:44

అత్తమ్మకి మీరే చెప్పండి సార్.

చిత్తూరు_మామిడితోట · గురువారం మధ్యాహ్నం 2:10

తెల్లకారు తమ్ముడూ, ఆ మీడియం క్లే నేను తీసుకుంటా. శనివారం తిరుచానూరు అమ్మవారి దర్శనానికి వస్తున్నాం. బదులుగా బుట్టెడు తోతాపురి తెస్తా, పచ్చడికి.